కొండ కింద మైదానం

విశాఖ శివార్లలోని పోతినమల్లయ్యపాలెంలో ‘స్టేడియం’ అంటే చాలు, ఆటోవాలా ఇంకేం అడగడు. ఏసీఏ–వీడీసీఏ అన్న పొడి అక్షరాలు టీవీ వ్యాఖ్యాతలకే. ఆంధ్ర క్రికెట్ సంఘం, విశాఖ జిల్లా క్రికెట్ సంఘం అని విప్పి చెప్పుకునేంత ఓపిక ఎవరికీ ఉండదు. సుమారు 27 వేల మంది పట్టే ఈ మైదానం వెనకే తూర్పు కనుమలు. గ్యాలరీ పైవరసలో కూర్చుంటే ఓవర్ల మధ్య చూపు దానంతటదే కొండ మీదికి పోతుంది. ఇవే కనుమలు ఎత్తు పెరుగుతూ పోయి, అనంతగిరి దాటాక అరకు లోయను ఒళ్లో పెట్టుకుంటాయి.

ఈ స్టేడియం రాకముందు విశాఖలో పెద్ద మ్యాచ్ అంటే ఊళ్లోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియమే. 1988 డిసెంబర్‌లో న్యూజిలాండ్ మీద శ్రీకాంత్ 70 పరుగులు కొట్టి, అది చాలదన్నట్టు 5 వికెట్లు కూడా తీసింది అక్కడే. 1996 ప్రపంచకప్‌లో కెన్యా మీద మార్క్ వా 130 కొట్టిందీ అక్కడే.

కొత్త మైదానానికి కొబ్బరికాయ కొట్టింది మాత్రం ఒక జులపాల కుర్రాడు. 2005 ఏప్రిల్ 5, పాకిస్థాన్‌తో వన్డే. ధోనీకి అది ఐదో మ్యాచ్. అంతకుముందు నాలుగు ఇన్నింగ్స్‌లూ కలిపి చేసింది 22 పరుగులు. ఇంకొకరైతే జట్టులో చోటు గురించి బెంగపెట్టుకోవాల్సిన లెక్క. గంగూలీ అతణ్ని మూడో స్థానంలో పంపాడు. 123 బంతుల్లో 148. భారత్ 356 దాకా పోయింది, 58 పరుగులతో గెలిచింది. ఆ రోజు అక్కడున్నామని చెప్పేవాళ్లందరినీ లెక్కేస్తే ఆ స్టేడియం సరిపోదు.

ఆ తర్వాతా ఈ నేల కొత్త పని మొదలుపెట్టేవాళ్లకు కలిసొస్తూనే ఉంది. టెస్టుల్లో తొలిసారి ఓపెనింగ్‌కి దిగిన రోహిత్ 2019లో ఇక్కడ 176, 127 కొట్టాడు. జైస్వాల్ తొలి డబుల్ సెంచరీ 2024లో ఇక్కడే. అలాగని ఎప్పుడూ మనదే పైచేయి కాదు: 2023లో స్టార్క్ ధాటికి భారత్ 117కే చాప చుట్టేసింది. 2014 అక్టోబర్‌లోనైతే ప్రత్యర్థి హుద్‌హుద్. 12న తుపాను ఊరిని ఊడ్చేసింది, 14న జరగాల్సిన వెస్టిండీస్ మ్యాచ్ రద్దయింది.

మన క్రికెట్ మోజు ఎంత దూరం పాకిందో చూడాలంటే అమెరికా వెళ్లాలి. తెలుగువాళ్లు దండిగా ఉండే డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో ఒక బేస్‌బాల్ స్టేడియాన్ని 2023 నాటికి క్రికెట్‌కు మార్చేశారు. ఇది రంగు మార్చినంత తేలిక కాదు. బేస్‌బాల్ మైదానం విసనకర్ర ఆకారంలో ఉంటుంది. కొట్టేవాడు దాని మొన దగ్గర నిలబడతాడు కాబట్టి మంచి సీట్లన్నీ ఆ మూలే చేరతాయి. క్రికెట్‌లో పిచ్ నడిబొడ్డున ఉంటుంది, బంతి ఎటైనా పోతుంది. 2024 టీ20 ప్రపంచకప్‌లో పాకిస్థాన్‌ను అమెరికా సూపర్ ఓవర్‌లో ఓడించింది ఆ మైదానంలోనే.

మళ్లీ మన కొండ కిందికి వద్దాం. రెండు దశాబ్దాలు ఇక్కడ మోగిన పేర్లు ఎక్కువగా రాంచీవి, ముంబైవి, ఢిల్లీవి. మన ఆడపిల్లల పేర్లు గోడ మీదికి ఎక్కడానికి 2025 అక్టోబర్ 12 రావాల్సి వచ్చింది. మిథాలీ రాజ్, కృష్ణా జిల్లా వికెట్ కీపర్ రావి కల్పనల పేర్లకు ఆ రోజు స్టేడియంలో చోటు దక్కింది. ఆలస్యమే, అయినా నాకు ముచ్చటేసింది. ఆ రోజు జరిగిన మహిళల వన్డే మాత్రం చేజారింది. భారత్ 330 చేస్తే, హీలీ 142తో ఆస్ట్రేలియా దాన్ని కొట్టేసింది. మహిళల వన్డేల్లో అప్పటికి అదే అతిపెద్ద ఛేదన.

పైన, కొండల్లో, పిల్లలకు కోత అయిపోయిన వరి మడే స్టేడియం. బంతి గెడ్డలో పడితే ఆట ఆగుతుంది. ఆ కొండలున్న అల్లూరి జిల్లా నుంచే ఒక గిరిజన అమ్మాయి, 2025 నవంబర్‌లో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఆడింది. లోపల గలగలలాడే ప్లాస్టిక్ బంతిని చెవితో పట్టుకుని కొట్టే ఆట అది. ఫైనల్ కొలంబోలో జరిగింది.