గాలం కర్ర సన్నగా ఉండాలా, గట్టిగా ఉండాలా?

ద్రాక్షారామం చుట్టూ పారే గోదావరి కాలువల గట్ల మీద గాలం వేసేవాళ్లను గమనించండి. పరిగెల కోసం కూర్చున్నాయనకు కొస సన్నటి వెదురు. కొర్రమీను కావాలన్నాయనకు గట్టి కర్ర. ఎందుకలా?

దారం ఎక్కువగా తెగేది చేప బరువుకు కాదు, అది ఒక్కసారిగా ఇచ్చే కుదుపుకు. కొస వంగితే ఆ కుదుపు మెల్లగా సర్దుకుంటుంది, దారం బతుకుతుంది. చిన్న పరిగె కొరికినా కొస కదులుతుంది. మొద్దు కర్రకు ఆ సంగతే తెలియదు, పైగా గట్టిగా లాగితే లేత మూతి చిరిగి చేప జారిపోతుంది. కొర్రమీను తీరు వేరు. గాలం తగలగానే గుర్రపుడెక్క కిందికి దూరుతుంది. మెత్తటి కర్ర తీరిగ్గా వంగేలోపు అది దారాన్ని వేళ్లకు చుట్టేస్తుంది!

చల్లటి కొండవాగుల్లో ఉండే ట్రౌట్ చేప లెక్క ఇంకో రకం. మన దేశంలో అది కశ్మీర్, హిమాచల్, మున్నార్ వైపు దొరుకుతుంది. దానికి వేసే ఎర ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగ. దానికి బరువే ఉండదు, విసిరినా ముందుకు పోదు. అందుకే దారాన్నే బరువుగా తయారుచేసి, దాన్ని విసురుతారు. ఆ కర్ర మీద వేసే నంబరు కర్ర బరువు కాదు, దానికి నప్పే దారం బరువు. 5 నంబరు దారమంటే మొదటి 30 అడుగులు సుమారు 9 గ్రాములు. చిన్న వాగుకు 3 లేదా 4, మామూలు నదికి 5, గాలి జోరుగా ఉంటే 6.

మన కాలువ గట్టున ఆ తంటా లేదు. ఎర్రా, సీసం ముక్కా తమ బరువుతోనే దారాన్ని లాక్కుపోతాయి.