పాచి తినే చేప కాదు.. పస్తులుంచరాదు!
అక్వేరియంలో కొరిడోరాస్‌కు మెత్తని ఇసుక, విడిగా మేత తప్పనిసరి

ఇళ్లలో రంగు చేపలు పెంచేవారు తొట్టి అడుగు శుభ్రం చేస్తుందని ఒకటో రెండో కొరిడోరాస్ చేపలను కొని వదులుతుంటారు. పై చేపలు తినగా రాలిన మేతే వాటికి చాలుననుకుంటారు. కొద్ది వారాలకే అవి చిక్కి చనిపోతాయి. నాసిరకం చేపలిచ్చాడని దుకాణదారును తిట్టుకుంటారు. చాలాసార్లు అసలు కారణం ఆకలే.

కొరిడోరాస్ మన జెల్లల మాదిరిగా మీసాల చేప. పుట్టిల్లు దక్షిణ అమెరికా. కంచు రంగు రకం రెండున్నర, మూడు అంగుళాలకు మించి పెరగదు. వాలుగలా తోటి చేపలను మింగదు. పొలుసులకు బదులు ఒంటికి ఇరువైపులా రెండేసి వరసల ఎముక పలకలుంటాయి. పాచి దీని ఆహారం కాదు. మునిగే మేత బిళ్లలను రాత్రి దీపం ఆర్పాక వేస్తే పై చేపల పోటీ లేకుండా తింటుంది.

ఇది గుంపులో బతికే చేప. కనీసం 6 కలిపి పెంచాలి. రెండడుగుల పొడవు తొట్టి అవసరం. ఇది మీసాలతో అడుగును తడుముతూ మేత వెతుక్కుంటుంది. గరుకు రాళ్లు, కుళ్లిన మేత ఉంటే ఆ మీసాలు అరిగిపోతాయి. కడిగిన సన్నని ఇసుక పరచడం మేలు.

వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చాలి. నీరంతా ఒకేసారి తీయరాదు. కుళాయి నీటిలో క్లోరిన్ పోయేందుకు ఒక రోజు బకెట్‌లో మూత లేకుండా ఉంచాలి, లేదా క్లోరిన్ విరుగుడు మందు కలపాలి.

ఈ చేప అప్పుడప్పుడు పైకి దూసుకొచ్చి గాలి గుటక వేస్తుంది. పేగు ద్వారా కూడా ప్రాణవాయువు తీసుకోగలదు గనుక భయపడనక్కర్లేదు. పదేపదే వస్తుంటే మాత్రం నీరు చెడిందనో, వేడెక్కిందనో గుర్తించాలి. దీనికి 22 నుంచి 26 డిగ్రీలు అనుకూలం. మన వేసవిలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటవచ్చు. అప్పుడు తొట్టిని ఎండ పడని చోట ఉంచి, గాలి పంపు నడపాలి. నీటిమీదకు ఫ్యాను తిప్పినా వేడి తగ్గుతుంది.

రెక్కల ముళ్లు వలకు చిక్కుకుంటాయి కాబట్టి పట్టేటప్పుడు గిన్నెతో తీయడం మంచిది.

పెంచలేనివారు దుకాణానికి తిరిగి ఇవ్వాలే తప్ప చెరువులో వదలరాదు. అక్వేరియాల కోసం వచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇప్పటికే మన చెరువుల్లో వ్యాపించి జాలర్ల వలలు చించుతోంది. దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ఇంటి తొట్టి భారం ఊరి చెరువుకు చేరకూడదు.