కారణమును కనిపెట్టుట

పిల్లలు బాగుగా చదివినచో బహుమానమిత్తుమని ఆసిఫాబాదులో ఒక బడి ఉపాధ్యాయునకు చెప్పిరనుకొందము. ఆ యేడు మార్కులు పెరిగెను. అది బహుమాన ఫలమేనా? వానలు తక్కువై పిల్లలు తప్పక బడికి వచ్చియుండవచ్చును. ప్రశ్నలే సులభముగా నుండియుండవచ్చును. ఒక్క బడిని చూచి కారణమును తేల్చలేము.

ఆసిఫాబాదు ఆంధ్రప్రదేశములో నున్న కాలమున, 2005లో, ఆ రాష్ట్రమునందు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పరిశోధకులు ఈ విషయమునే పరీక్షింప నారంభించిరి. ఐదు జిల్లాలలో 500 గ్రామీణ పాఠశాలలను ఏరి, లాటరీచే వర్గములుగా విభజించిరి. 200 పాఠశాలలలో పిల్లల ప్రగతినిబట్టి ఉపాధ్యాయులకు బహుమాన ధనము నేర్పాటుచేసిరి. 100 పాఠశాలలను ఏ సాయమును చేయక పోలికకై ఉంచిరి. తక్కినవానికి వేఱు సాయములందినవి.

లాటరీకి పక్షపాతము లేదు. వానలైనను, ప్రశ్నపత్రమైనను అన్ని వర్గములకును ఇంచుమించు సమానమే. బడులు పెక్కులగుటచే ఒకదాని అదృష్టము వేఱొకదాని దురదృష్టముతో సరిపోవును. అప్పటికిని మిగిలిన భేదము కాకతాళీయముగా కలుగుట ఎంత అరుదో గణాంకశాస్త్రము లెక్కించును.

రెండేండ్లకు బహుమానపు బడుల పిల్లలు గణితమునందును, భాషయందును ముందంజవేసిరి. ఉపాధ్యాయుల హాజరు మాత్రము పెరుగలేదు. వచ్చిన దినములలో ఇంటిపని, అదనపు బోధన హెచ్చించితిమని వారు చెప్పిరి.

దీనివలననే అది జరిగెనని యెవరైన చెప్పినచో, ఇది లేనిచోట ఏమి జరిగెనో మొదట అడుగవలెను.