పదో తరగతి అనగానే ఆట మాన్పించాలా?

"పదో తరగతికి వచ్చాడు డాక్టరుగారూ, ఆటలు కట్టించేశాం" అని చాలామంది తల్లిదండ్రులు కాస్త గర్వంగానే చెబుతుంటారు. పిల్లవాణ్ణి తీసుకొచ్చింది తలనొప్పి అనో, కడుపునొప్పి అనో, నిద్ర పట్టడం లేదనో. కళ్ళు, రక్తం అన్నీ పరీక్షించినా ఒక్కోసారి ఏ జబ్బూ కనిపించదు. అటువంటప్పుడు "సాయంత్రాలు ఏం చేస్తున్నావు?" అని అడుగుతాను. చాలామంది తల వంచుకుంటారు.

పదిహేనేళ్ళ వయసులో పిల్లలు తామెవరో తేల్చుకునే ప్రయత్నంలో ఉంటారు. ఇంట్లో ఫలానావారి అబ్బాయి, బళ్ళో ఫలానా ర్యాంకు. మైదానంలో మాత్రం "వీడు కూతకు వెళితే ఇద్దర్ని ఔట్ చేసిగాని రాడు" అన్న పేరు వాడు సొంతంగా సంపాదించుకున్నది. మార్కులు తగ్గిన నెలలో కూడా ఆ పేరు వాణ్ణి నిలబెడుతుంది. దాన్ని ఒక్కరోజులో లాగేసుకుంటే వాడికి మిగిలేది ప్రోగ్రెసు కార్డే.

ఆట ఆడినంత మాత్రాన సుగుణాలు వాటంతటవే అబ్బుతాయని నేను అనను. ఓడినవాణ్ణి నలుగురిలో తిట్టే మాస్టారి దగ్గరా, "గెలిచావా లేదా?" అని మాత్రమే అడిగే తండ్రి దగ్గరా పిల్లవాడు నేర్చేది దొంగాటే. మన కబడ్డీనే చూడండి. వీధి ఆటలో అంపైరు ఉండడు. వేలికొస తగిలిందో లేదో తగిలినవాడికే తెలుసు. "తగిలింది" అని తానే ఒప్పుకుని గీత దాటి బయట కూర్చోవడానికి గుండె ధైర్యం కావాలి. మళ్ళీ లోపలికి రావాలంటే తన జట్టువాడెవడో అవతలివాణ్ణి ఔట్ చెయ్యాలి. ఎంత మొనగాడైనా అంతవరకూ ఎదురుచూడక తప్పదు. ఈ ఓర్పు ట్యూషనులో దొరకదు గదా!

పుల్లెల గోపీచంద్ మోకాలి గాయంతో శస్త్రచికిత్సలు చేయించుకుని కూడా 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ గెలిచారు. ఆ తరువాత ఒక కూల్‌డ్రింకు ప్రకటనకు పెద్ద మొత్తం ఇస్తామన్నా, అది ఆరోగ్యానికి మంచిది కాదని కాదన్నారు. డాక్టరుగా నాకు ఆ కప్పుకన్నా ఈ మాటే ఎక్కువ నచ్చింది.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఊపిరి వేగం పెరిగేంత శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పరీక్షల నెలలో ఆ గంటను అరగంట చెయ్యండి, ఫరవాలేదు. పూర్తిగా మాన్పించకండి. కోత పెట్టవలసి వస్తే ముందు సెల్‌ఫోనుకు పెట్టండి. నిద్రకు మాత్రం వద్దు. ఈ వయసుకు ఎనిమిది గంటలకు తగ్గకూడదు.

ఆడపిల్లల విషయంలో మరీ అన్యాయం జరుగుతోంది. పెద్దమనిషి కాగానే ఆట మాన్పిస్తారు. వైద్యరీత్యా దీనికి ఏ కారణమూ లేదు. బహిష్టు రోజుల్లో కూడా ఓపిక ఉంటే నిక్షేపంగా ఆడవచ్చు. అయితే కఠినమైన శిక్షణలో ఉన్న అమ్మాయికి మూడు నెలలు వరుసగా బహిష్టు ఆగిపోతే, తిండి చాలడం లేదేమో డాక్టరుకు చూపించండి.

ఎదిగే పిల్లల్లో మోకాలిచిప్ప కింద నొప్పి, వాపు తరచు వస్తాయి. నొప్పి తగ్గేదాకా పరుగులు, గెంతులు తగ్గిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. ఆడుతూ ఆడుతూ స్పృహ తప్పినా, గుండెల్లో నొప్పి వచ్చినా మాత్రం వెంటనే ఆట ఆపించండి. ఇ.సి.జి. తీయించి, డాక్టరు సరేనన్నాకే తిరిగి మైదానానికి పంపండి.