మొదటి నడక ఎంత దూరం?



సెలవుల్లో బ్యాగు భుజాన వేసుకుని రెండు రోజులు కొండల్లో నడిచి రావాలని మన హాస్టల్లో చాలామందికి ఉంది. ఎక్కడికి వెళ్ళాలి, ఎంత దూరం నడవాలి, ఏం పట్టుకెళ్ళాలి అని మమ్మల్ని అడుగుతున్నారు. మేము ఒకసారి తప్పు చేసి, మరుసటి ఏడాది దిద్దుకున్నాం. ఆ అనుభవంతోనే ఈ వ్యాసం రాస్తున్నాం.

అమెరికాలో అపలాచియన్ ట్రయల్ అనే కాలిబాట ఉంది. 1937లో పూర్తయిన ఆ బాట పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. మొత్తం నడవాలంటే నెలలు పడుతుంది. అందుకే అక్కడికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఒకటి రెండు రోజులు ఒక ముక్క నడిచి ఇంటికి వచ్చేస్తారు. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు చెప్పిందీ అదే.

మేము మాత్రం ముందే రచ్చకెక్కాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిందని చదువుకున్నాం కదా. మనమూ చింతపల్లి నుంచి ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట దాకా నడుద్దాం అనుకుని ఐదుగురం డిసెంబరులో బయలుదేరాం. ఆ దళంలో ఉన్నవాళ్ళు ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాళ్ళన్న సంగతి మాకు తట్టలేదు.

చింతపల్లి నుంచి లంబసింగి సుమారు 19 కిలోమీటర్లు. మేము నడక మొదలుపెట్టేసరికే మధ్యాహ్నం 12 అయింది. లంబసింగి చేరేసరికి బాగా చీకటి పడింది. ఇద్దరికి అరువు తెచ్చుకున్న బూట్లు కరిచి మడమలు బొబ్బలెక్కాయి. ఒక్కొక్కరికి ఒక్కటే దుప్పటి. ఒక టీకొట్టు ఆయన జాలిపడి పొయ్యి పక్కన చోటిచ్చాడు కాబట్టి ఆ రాత్రి గడిచింది. తెల్లారగానే నర్సీపట్నం బస్సెక్కేశాం.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాం. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన ఒక సూత్రం చెప్పాడు. 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా మరో గంట. బరువు మోస్తూ, మధ్యమధ్య ఆగుతూ వెళ్ళే కొత్తవాళ్ళు గంటకు 3 కిలోమీటర్లని వేసుకోవడం మేలు. అంటే మా 19 కిలోమీటర్లకు ఆరు గంటలకు పైనే కావాలి. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే పొద్దున్నే బయలుదేరేవాళ్ళం, లేదా దూరం తగ్గించుకునేవాళ్ళం.

ఇక చలి సంగతి. లంబసింగికి కొర్రబయలు అని మరో పేరుంది. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఊరు సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే వేడి సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. దానికితోడు మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. చల్లగాలి బరువు కనుక పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. అందువల్ల లోయ అడుగున, చెరువు పక్కన పడుకోకూడదు. కొంచెం ఎత్తున, పైకప్పు కింద పడుకోవాలి.

మరుసటి ఏడాది ఇవన్నీ చూసుకుని దారి ఎంచుకున్నాం. నర్సీపట్నం నుంచి పొద్దున్నే బస్సులో లంబసింగి చేరాం. మొదటిరోజు ఆరేడు కిలోమీటర్ల దూరంలోని తాజంగి జలాశయం దాకా బ్యాగులతో నడిచి, సాయంత్రానికి వెనక్కి వచ్చాం. రాత్రి ఊళ్ళో అద్దె గదిలో పడుకున్నాం. రెండోరోజు తెల్లవారకముందే లేచి చెరువులవేనం వెళ్ళి మంచుమేఘాలు చూశాం. మధ్యాహ్నం బస్సెక్కి వచ్చేశాం. కాలు బెణికినా, జ్వరం తగిలినా వెనక్కి రాగలిగే దూరంలోనే రెండు రోజులూ ఉన్నాం. మొదటి నడకకు దారి ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే.

మరికొన్ని జాగ్రత్తలు:

బ్యాగు బరువు మీ బరువులో ఐదోవంతు దాటకూడదు. 50 కిలోల మనిషికి 10 కిలోలు, నీళ్ళతో కలిపి.

బూట్లు రెండు వారాల ముందు నుంచే తొడిగి అలవాటు చేసుకోవాలి. పొడి సాక్సులు ఒక జత విడిగా ఉంచుకోవాలి.

గంటకు అరలీటరు చొప్పున నీళ్ళు. వాగునీళ్ళు మరగబెట్టకుండా తాగవద్దు. అటుకులు, బెల్లం, వేరుశెనగ ఉండలు చాలు.

ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమతెర, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. తిరిగొచ్చాక జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోవాలి.

అటవీశాఖ అనుమతి లేనిదే అడవిలోకి వెళ్ళకూడదు, మంట పెట్టకూడదు. వార్డెన్ గారికి, ఇంట్లోవాళ్ళకు ఏ రోజు ఎక్కడ ఉంటామో రాసిచ్చి వెళ్ళాలి.

ఆ బాటలు మనకోసం వేసినవి కావు. సంతకు, బడికి, పొలానికి వెళ్ళే బాటలవి. ఆరబోసిన కాఫీగింజలు తొక్కవద్దు, పసుపుపచ్చని వలిసె చేలలో ఫొటోల కోసం దిగవద్దు. బ్రిటిష్ కాలంలో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా గిరిజనులచేత రోడ్డు పనులు చేయించాడు. 1922 తిరుగుబాటుకు అదొక కారణం. మనం సరదాగా నడిచే చోట ఎవరి చెమట ఉందో తెలుసుకుని నడవాలి.

మొదటిసారి బయలుదేరేటప్పుడు మాలో ఒకరి అమ్మ అడిగింది: "నేను కట్టెలమోపు మోసి నిన్ను చదివించింది, నువ్వు మళ్ళీ మోత ఎత్తుకోడానికా?" అప్పుడు మేము నవ్వేశాం. బొబ్బలతో తిరిగొచ్చిన రాత్రి మాత్రం అమ్మ రోజూ ఎంత నడిచేదో మొదటిసారి లెక్కవేశాం. మీరు కూడా నడిచి వచ్చాక ఇంట్లో కూర్చుని ఆ దూరం ఒకసారి అడగండి.

శుభాకాంక్షలతో, మీ అన్నలు.