60 ఏళ్ల జర్మన్ రైలుకి 500 రూపాయల బుర్ర: మా మేడ గదిలో మెర్క్లిన్ లేఅవుట్ కట్టిన కథ

మా మేడ మీద గదిలో కూర్చుంటే రెండు రైళ్ల చప్పుడు వినిపిస్తుంది. ఒకటి, హావ్‌డా–చెన్నై మెయిన్ లైన్ మీద హరిశ్చంద్రపురం స్టేషన్ దాటి దూసుకుపోయే అసలు రైలు. రెండోది, నా ప్లైవుడ్ బల్ల మీద గుండ్రంగా తిరిగే బుల్లి జర్మన్ స్టీమ్ ఇంజన్. ఈ రెండో దానికి మా నాన్నకంటే ఎక్కువ వయసుంది. చిప్ లేదు, బ్యాటరీ లేదు, యాప్ లేదు, అప్‌డేట్ అసలే లేదు. అయినా నాబ్ తిప్పితే కదులుతుంది.

కొన్న మూడు నాలుగేళ్లకే సపోర్ట్ ఆగిపోయే ఫోన్ల గురించి మనం రోజూ మాట్లాడుకుంటాం కదా. అందుకే 1960ల నాటి గ్యాడ్జెట్‌ని విప్పి, తుడిచి, నడిపి చూడాలనిపించింది. ఇది ఎనిమిది నెలల రిపోర్ట్. ఇందులో గడ్డకట్టిన ఇంజన్ ఒకటి, కాలిపోయిన కాయిల్ ఒకటి ఉన్నాయి. రెండూ నా తప్పులే.

బేస్‌మెంట్ లేదు, మేడ ఉంది

జర్మనీలో ఈ హాబీ అంటే ముందు గుర్తొచ్చేది ఇంటి కింద సెల్లార్. ఉద్దానంలో అది కుదరదు. ఇసుక నేల, నాలుగు రోజులు ముసురు పడితే నీళ్లు పైకొచ్చేస్తాయి. మా ఇంట్లో ఖాళీగా ఉన్నది జీడిపిక్కల బస్తాలు పెట్టే మేడ గది ఒక్కటే. అమ్మని ఒప్పించి అందులో సగం తీసుకున్నా. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు ఒకటి, కింద చెక్క ఫ్రేము. అంతే.

సైజు లెక్క ఇదీ. హెచ్‌వో స్కేల్ అంటే అసలు దానిలో 87వ వంతు. కిలోమీటరు లైను వెయ్యాలంటే దాదాపు 11.5 మీటర్లు కావాలి. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. దాన్ని 87తో గుణిస్తే 1435 మి.మీ., అంటే జర్మనీలో వాడే స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. కాబట్టి మన స్టేషన్‌ని కచ్చితంగా దించాలంటే 19.26 మి.మీ. ట్రాక్ ఉండాలి. అలాంటిది షాపులో రెడీమేడ్‌గా దొరకదు. సో, మనది జర్మన్ ట్రాక్ మీద ఉద్దానం సీనరీ అని ఫిక్సయిపోయా.

బాక్స్‌లో ఏమొచ్చింది?

జర్మనీలో చదువుకుంటున్న మా పెద్దమ్మ కొడుకు అక్కడి పాత సామాన్ల సంతలో కొని తెచ్చాడు. మెర్క్లిన్ 3000 నంబర్ ట్యాంక్ ఇంజన్, మూడు పెట్టెలు, రేకు ట్రాక్, రెండు ఎలక్ట్రిక్ పాయింట్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్. మెర్క్లిన్ 1859లో గోపింగెన్‌లో మొదలైన కంపెనీ. 1935 నుంచి ఈ టేబుల్ సైజు ఎలక్ట్రిక్ రైళ్లు చేస్తోంది. 2009లో దివాలా దాకా వెళ్లి మళ్లీ లేచింది.

ట్రాన్స్‌ఫార్మర్‌ని మాత్రం ప్లగ్‌లో పెట్టలేదు. రేకు బాడీ, రబ్బరు వైరు. వైరు వంచితే పైతొడుగు పెంకులుగా రాలిపోయింది. మా తమ్ముడు రోజంతా ఆ గదిలోనే ఉంటాడు, రిస్క్ అనవసరం. పైగా అది 220 వోల్టులది. రాత్రి పూట మా ఇంట్లో మల్టీమీటర్ 245 చూపిస్తుంది. ఈ ఇంజన్లకి నడవడానికి 16 వోల్టుల వరకు ఏసీ, దిశ మార్చడానికి ఒక్క క్షణం 24 వోల్టులు ఇస్తారు. 245 దగ్గర ఆ 24 కాస్తా 26.7 అవుతుంది. పాత రిలే ఓర్చుకోవచ్చు, లోపల డిజిటల్ చిప్ పెట్టుకున్న ఇంజన్ ఓర్చుకోదు. అందుకని 230 వోల్టుల ప్లాస్టిక్ బాడీ మోడల్ వేరేగా తెప్పించుకున్నా. మీరెవరైనా పాత సెట్ కొంటే ఈ ఒక్క విషయంలో పిసినారితనం వద్దు.

మధ్యలో బొడిపెలు ఎందుకు?

మామూలు మోడల్ రైళ్లలో ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్. ట్రాక్‌ని లూప్‌గా తిప్పి మళ్లీ అదే లైనుకి కలిపితే షార్ట్ అవుతుంది. మెర్క్లిన్‌లో రెండు పట్టాలూ ఒకే వైరు. రెండో వైరు మధ్యలో వరసగా ఉండే చిన్న బొడిపెలు. ఇంజన్ పొట్ట కింద ఉన్న రేకు పట్టీ వాటి మీద జారుతూ కరెంటు తీసుకుంటుంది. కరెంటు ఏసీ కాబట్టి ఇంజన్ ఎటు తిరిగినా తేడా లేదు, ఎలాంటి లూపైనా వేసుకోవచ్చు. వంపు ముక్కలు 12 కలిపితే 36 సెం.మీ. రేడియస్‌తో పూర్తి వృత్తం వస్తుంది. తమ్ముడు అయిదు నిమిషాల్లో బిగించేశాడు.

కొబ్బరి నూనె వేశా, దొరికిపోయా

ఇంజన్ మొదట కదల్లేదు. గుయ్యిమని శబ్దం, అంతే. పైన ఒక్క స్క్రూ తీస్తే బాడీ మొత్తం ఊడొచ్చింది. హీట్ గన్ వద్దు, జిగురు లేదు. ఏళ్ల నాటి ఆయిల్ బంకలా గట్టిపడింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గేర్లు తుడిచి, మోటారుకి రెండు బ్రష్‌లూ మార్చా. ఒకటి కార్బన్, ఒకటి రాగి జాలీ. అప్పుడు తిరిగింది!

తర్వాతే తెలివితక్కువ పని చేశా. మెషిన్ ఆయిల్ అయిపోయిందని గేర్లలో కొబ్బరి నూనె చుక్క వేశా. ఉద్దానంలో దానికి కొరతా? నవంబరు దాకా బాగానే నడిచింది. డిసెంబరు పొద్దున్న స్విచ్ వేస్తే మళ్లీ గుయ్యి. 24, 25 డిగ్రీల కంటే చలి పెరిగితే కొబ్బరి నూనె పేరుకుంటుందని సీసా చూసి తెలిసే విషయం, ఇంజన్‌లో మర్చిపోయా. మళ్లీ అంతా విప్పి తుడిచా.

ఇసుక విషయంలో మాత్రం ముందే జాగ్రత్తపడ్డా. నేల కోసం భావనపాడు తీరం నుంచి ఒక కవరు ఇసుక తెచ్చా. పాత స్పీకర్ అయస్కాంతం పెట్టి చూస్తే నల్ల రేణువులు గుత్తిగా అంటుకున్నాయి. మా తీరం ఇసుకలో ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలుంటాయి. అవి మోటారులోకి పోతే ఇంక అంతే. ఇసుక వాడలేదు, కొబ్బరి పీచు పొడిని రంగేసి చల్లా. ఉప్పు గాలికి రేకు ట్రాక్ తుప్పు పట్టకుండా వారానికోసారి పొడి గుడ్డ, ఫోన్ బాక్సుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు. గరుకు కాగితం ముట్టుకోవద్దు, పైపూత పోతే తుప్పు ఇంకా తొందరగా వస్తుంది.

తాత అడిగిన ప్రశ్న

రైలు నడిచింది కదా, ఇంక ఫోన్‌తో కంట్రోల్ చెయ్యాలి. ఈఎస్‌పీ32 బోర్డు సుమారు 500, రిలే మాడ్యూల్ ఇంకో 200. పాయింటు కాయిల్‌కి పావు సెకను కరెంటు ఇస్తే చాలు, టక్‌మని మారుతుంది. ఎక్కువసేపు ఇస్తే కాలుతుంది.

ఆ రోజు నేను రిలే ఆన్ చేసిన క్షణంలోనే కరెంటు పోయి వచ్చింది. బోర్డు పవర్ బ్యాంక్ మీద ఉంది కాబట్టి ఆగలేదు. రౌటర్ మాత్రం రీస్టార్ట్ అవుతోంది. నా కోడ్ వైఫై కోసం ఎదురుచూస్తూ కూర్చుంది, రిలే ఆఫ్ చెయ్యడం మర్చిపోయి. రెండు నిమిషాల్లో వాసన, పొగ. 60 ఏళ్లు బతికిన కాయిల్‌ని నా 20 లైన్ల కోడ్ చంపేసింది. పక్కనే ఉన్న తమ్ముడు ప్లగ్ పీకాడు.

మా తాత రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పొగ చూసి పైకొచ్చి కుర్చీ వేసుకున్నాడు. మిగిలిన పాయింటు పని చేసి చూపించా. ఆయన కాయిల్ గురించి అడగనే లేదు.

"ఏటిరా, బండి మీదుండగానే పాయింటు మారిపోతంది? తాళం లేదేటి?"

నా దగ్గర సమాధానం లేదు. అసలు స్టేషన్‌లో రూటు సరిగ్గా పడి లాక్ అయ్యాకే సిగ్నల్ దిగుతుంది. బండి పాయింటు దాటేదాకా దాన్ని ఎవరూ కదపలేరు. దాన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు. నేను ఫోన్‌లో అందమైన బటన్లు గీశా గానీ, తప్పు నొక్కితే ఏమవుతుందో ఆలోచించలేదు.

రెండు మార్పులు చేశా. ఒకటి, కాయిల్‌కి నేరుగా కరెంటు కాకుండా 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ నుంచి ఇవ్వడం. అందులో ఉన్నంత ఛార్జే వెళ్తుంది. కోడ్ హ్యాంగ్ అయినా కాయిల్ కాలదు. 16 వోల్టుల ఏసీని డీసీగా మార్చితే పీక్ 22.6 అవుతుంది కాబట్టి కెపాసిటర్ 35 వోల్టులది వాడాలి. రెండు, పాయింటుకి రెండు వైపులా ఐఆర్ సెన్సర్లు. బండి లోపల ఉన్నంతసేపు ఏ బటన్ నొక్కినా బోర్డు వినదు. సాయంత్రం కిటికీ ఎండ పడితే సెన్సర్లు లేని బండిని చూసేవి. అట్టముక్కతో గొడుగు పెట్టా, సెట్ అయింది.

తాతకి టచ్ స్క్రీన్ నచ్చలేదు. ఆయన కోసం రెండు నొక్కుడు స్విచ్‌లు బిగించా. బండి పాయింటు మీదుండగా పది సార్లు నొక్కి చూశాడు. ఏదీ కదల్లేదు. "ఇప్పుడు స్టేషన్‌లా ఉంది" అన్నాడు.

ఇంజన్‌ని డిజిటల్ చెయ్యాలా?

చాలామంది అడిగారు. పాత రిలే పీకేసి డీకోడర్ పెడితే స్లో స్పీడ్, లైట్లు అన్నీ వస్తాయి. నేను చెయ్యలేదు. స్క్రూడ్రైవర్, ఆల్కహాల్, రెండు బ్రష్‌లతో బాగయ్యే యంత్రంలో, పోతే మార్చడమే తప్ప బాగుచెయ్యలేని ముక్క ఎందుకు పెట్టాలి? తెలివంతా బల్ల కింద పెట్టా. ఈఎస్‌పీ32 పోతే ఇంకోటి కొంటా. ఇంజన్ మాత్రం వచ్చినట్టే ఉంది.

నచ్చినవి: మొత్తం విప్పొచ్చు, పార్టులు ఇప్పటికీ దొరుకుతున్నాయి, షార్ట్ గొడవ లేదు.
నచ్చనివి: చప్పుడు, ఉప్పు గాలికి తుప్పు, కోడ్ తప్పుని అస్సలు క్షమించదు.

తర్వాతి ప్లాన్ రెడీ. నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న లైను 762 మి.మీ. గేజ్. ఇప్పుడది బ్రాడ్ గేజ్ అయిపోయింది. 9 మి.మీ. ట్రాక్‌ని 87తో గుణిస్తే 783. దాదాపు సరిపోయింది! బల్ల మూలలో అడుగున్నర జాగా ఉంది. ఇంకో రెండు బస్తాలు కిందికి దించమని అమ్మని అడగాలి.