ముందు గీత.. ఆ తర్వాతే రాత

సాఫ్ట్‌వేర్‌ రూపకల్పనలో యూఎంఎల్‌ చిత్రాలు.. కొత్తవారు నేర్చుకోవలసిన తీరు

ఇంజినీరింగ్‌, ఎంసీఏ విద్యార్థుల చివరి ఏడాది ప్రాజెక్టు రికార్డుల్లో కొన్ని పేజీలు తప్పనిసరిగా కనిపిస్తాయి. పుల్లలతో చేసినట్టుండే మనిషి బొమ్మ, దాని పక్కన అండాకారాలు, ఆ తర్వాత మూడేసి అరల పెట్టెలు, వాటిని కలిపే గీతలు ఉంటాయి. ఈ గీత ఇక్కడ ఎందుకు ఉందని అడిగితే గీసినవారే తెల్లముఖం వేయడం కద్దు. కారణం స్పష్టమే. ప్రోగ్రాము మొత్తం రాసేసి, రికార్డు సమర్పించడానికి రెండు రోజుల ముందు ఈ బొమ్మలు గీస్తున్నారు. పెళ్లి అయిపోయాక ముహూర్తం పెట్టించుకోవడం వంటిదే ఇది.

నిజానికి ఈ చిత్రాలు రికార్డుకు అలంకారం కావు. తయారు చేయబోయే సాఫ్ట్‌వేర్‌ గురించి ఏది అర్థమైందో, ఏది అర్థం కాలేదో ముందుగా తేల్చే సాధనాలు. ఈ సంగతి గ్రహించినవారికి గుర్తులు నేర్చుకోవడం రెండు మూడు రోజుల పని. గ్రహించనివారు గుర్తులన్నీ కంఠస్థం చేసినా ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకు తడబడక తప్పదు.

మూడు పద్ధతులు.. ఒకే భాష

1980ల చివర, 1990ల తొలినాళ్లలో సీ ప్లస్‌ప్లస్‌ వంటి ఆబ్జెక్ట్‌ ఓరియెంటెడ్‌ భాషల వాడకం విస్తరించింది. పెద్ద సాఫ్ట్‌వేర్‌ను కాగితంపై ముందుగా గీసి చూసుకునేందుకు ఒక్కొక్క నిపుణుడు ఒక్కొక్క పద్ధతి ప్రతిపాదించారు. గ్రేడీ బూచ్‌ పద్ధతిలో ఒక క్లాసును మేఘం ఆకారంలో గీసేవారు. జేమ్స్‌ రంబా పద్ధతిలో అదే క్లాసు దీర్ఘచతురస్రం. ఐవార్‌ జేకబ్‌సన్‌ అసలు వినియోగదారుడి అవసరం నుంచే మొదలుపెట్టాలని చెప్పి ‘యూజ్‌ కేస్‌’ అనే భావనను ప్రచారంలోకి తెచ్చారు. ఒక సంస్థలో గీసిన చిత్రం మరో సంస్థలోని వారికి అర్థమయ్యేది కాదు.

ఈ ముగ్గురూ అమెరికాలోని రేషనల్‌ సాఫ్ట్‌వేర్‌ సంస్థలో కలిశారు. బూచ్‌ అప్పటికే అక్కడ ఉండగా 1994లో రంబా, 1995లో జేకబ్‌సన్‌ చేరారు. వారి పద్ధతుల కలయికతో రూపుదిద్దుకున్నదే యూనిఫైడ్‌ మోడలింగ్‌ లాంగ్వేజ్‌, క్లుప్తంగా యూఎంఎల్‌. ఆబ్జెక్ట్‌ మేనేజ్‌మెంట్‌ గ్రూప్‌ అనే ప్రమాణాల సంస్థ 1997 నవంబరులో దీనిని ఆమోదించింది. 2005లో 2.0 రూపం, 2017 డిసెంబరులో 2.5.1 రూపం వెలువడ్డాయి. రేషనల్‌ సంస్థను 2003లో ఐబీఎం కొనుగోలు చేసింది. 2000లలో మన కళాశాలల ల్యాబుల్లో ఎందరో విద్యార్థులు బొమ్మలు గీసిన ‘రేషనల్‌ రోజ్‌’ ఆ సంస్థదే.

14లో ముందుగా నాలుగు

యూఎంఎల్‌లో మొత్తం 14 రకాల చిత్రాలున్నాయి. ఏడు సాఫ్ట్‌వేర్‌ నిర్మాణాన్ని, ఏడు దాని నడవడికను చూపుతాయి. వీటన్నింటినీ ఒకేసారి నేర్చుకోవాలనుకోవడమే కొత్తవారు చేసే మొదటి పొరపాటు. యూజ్‌ కేస్‌, యాక్టివిటీ, క్లాస్‌, సీక్వెన్స్‌ చిత్రాలు నాలుగు పట్టుబడితే చాలా పనులు సాగిపోతాయి. మిగిలినవి అవసరం వచ్చినప్పుడు నేర్చుకోవచ్చు.

పుస్తకాల్లో తరచుగా కనిపించే ఏటీఎం, గ్రంథాలయం ఉదాహరణలకు బదులు పల్లెల్లో అందరూ ఎరిగిన ధాన్యం కొనుగోలు కేంద్రాన్నే తీసుకుందాం. అక్కడి లావాదేవీలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌ ఒకటి తయారు చేయాలని అనుకుందాం.

ఎవరికి ఏం కావాలి?

మొదటిది యూజ్‌ కేస్‌ చిత్రం. ఒక పెద్ద దీర్ఘచతురస్రం గీయాలి. అదే మన సాఫ్ట్‌వేర్‌ ఎల్లలు. దాని వెలుపల దానితో సంబంధం ఉన్నవారు, లోపల అండాకారాల్లో వారికి కావలసిన పనులు ఉంటాయి. రైతు, కేంద్రం నిర్వాహకుడు, మిల్లు యజమాని బయట నిలుస్తారు. పేరు నమోదు, తేమ ఫలితం నమోదు, తూకం నమోదు, మిల్లుకు పంపడం, సొమ్ము చెల్లింపు లోపలికి వస్తాయి.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. బయట నిలిచేది మనిషే కానక్కరలేదు. సొమ్ము జమ చేసే బ్యాంకు కంప్యూటర్‌ వ్యవస్థ కూడా బయటి పాత్రే. అలాగే కేంద్రంలో పనిచేసే ప్రతి మనిషీ చిత్రంలోకి రాడు. బస్తాలు మోసే హమాలీ లేనిదే కేంద్రం నడవదు. అయినా ఆయన ఈ సాఫ్ట్‌వేర్‌ను వాడకపోతే, ఈ చిత్రంలో ఆయనకు చోటుండదు. హమాలీ కూలి లెక్క కూడా ఇందులోనే కట్టాలంటే అప్పుడు ఆయనకు సంబంధించిన అండాకారం ఒకటి చేరుతుంది. అది చేరాలా, వద్దా అన్న ప్రశ్నను ముందే లేవనెత్తడమే ఈ చిత్రం చేసే మేలు.

‘మీట నొక్కడం’, ‘పాస్‌వర్డ్‌ కొట్టడం’ వంటివి అండాకారాల్లో రాయడం విద్యార్థులు తరచూ చేసే తప్పు. రైతు కేంద్రానికి వచ్చేది ధాన్యం అమ్ముకోవడానికే కాని మీట నొక్కడానికి కాదు. మనిషి మనసులోని పని ఏదో అదే యూజ్‌ కేస్‌.

బాణం ఎటు తిరగాలి?

రెండోది యాక్టివిటీ చిత్రం. పని ఏ క్రమంలో సాగుతుందో ఇది చూపుతుంది. నల్లని చుక్కతో ఆరంభం, వలయంలో చుక్కతో ముగింపు, మధ్యలో పనులకు గుండ్రని మూలల పెట్టెలు, నిర్ణయం తీసుకోవలసిన చోట డైమండు ఆకారం గీస్తారు.

ధాన్యంలో తేమ 17 శాతానికి మించరాదన్నది కొనుగోలు నిబంధన. కనుక తేమ పరీక్ష తర్వాత డైమండు నుంచి రెండు బాణాలు బయలుదేరుతాయి. 17 శాతం లోపు ఉంటే ఒక బాణం తూకానికి వెళ్తుంది. మించితే రెండో బాణం ‘ఆరబెట్టి మళ్లీ తేవాలి’ అన్న పెట్టెకు వెళ్తుంది. అక్కడి నుంచి బాణం ఎక్కడికి తిరిగి రావాలి? రైతు వరుసలో మళ్లీ చివరికి వెళ్లాలా, లేక ఆయన వంతు ఆయనకే ఉంటుందా?

దీనికి జవాబు ప్రోగ్రాము రాసేవారి దగ్గర ఉండదు. నిర్వాహకులను అడగాలి. చిత్రం గీసినవారి చేయి ఆ బాణం దగ్గర ఆగిపోతుంది కాబట్టి అడుగుతారు. గీయనివారు అడగరు. ఏదో ఒక విధంగా రాసేస్తారు. వాన మబ్బు కమ్ముకొస్తున్న వేళ కళ్లంలో ధాన్యం పోసుకుని కూర్చున్న రైతు వంతును ఆ ఊరి ముఖమే చూడని వ్యక్తి తెలియకుండానే నిర్ణయించినట్లవుతుంది.

గీత మీది అంకె

మూడోది క్లాస్‌ చిత్రం. యూఎంఎల్‌కు ఆయువుపట్టు ఇదే. ప్రతి పెట్టెకూ మూడు అరలు. పైఅరలో పేరు, నడిమి అరలో వివరాలు, కింది అరలో అది చేయగల పనులు రాస్తారు. ‘రైతు’ ఒక పెట్టె, ‘పొలం’ ఒక పెట్టె, ‘బ్యాంకు ఖాతా’ ఒక పెట్టె. వీటి మధ్య సంబంధానికి గీత, ఆ గీత రెండు చివర్లలో అంకెలు ఉంటాయి. 1 అంటే కచ్చితంగా ఒకటి. 0..1 అంటే ఉండవచ్చు, ఉండకపోవచ్చు. నక్షత్రం గుర్తు అంటే ఎన్నైనా.

కొత్త విద్యార్థి సాధారణంగా రైతు వైపు 1, పొలం వైపు నక్షత్రం వేస్తాడు. ఒక రైతుకు ఎన్ని పొలాలైనా ఉండవచ్చు, ఒక పొలానికి ఒకే రైతు అని దాని అర్థం. చూడటానికి సబబుగానే ఉంటుంది. కాని ఆ పొలం కౌలుకు ఇస్తే? అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే? ఖరీఫ్‌లో ఒకరు, రబీలో మరొకరు సాగు చేస్తే? గీత చివర వేసిన ఆ ఒక్క అంకెతో కౌలు రైతుకు కంప్యూటర్‌లో చోటు లేకుండా పోతుంది. ఆయన పండించిన ధాన్యం పట్టాదారు పేరునే నమోదవుతుంది. సొమ్ము కూడా పట్టాదారు ఖాతాకే వెళ్తుంది.

కౌలుదారుల గుర్తింపు కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2011లో ఒక చట్టం వచ్చింది. దాని కింద రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, 11 నెలల ఒప్పందంపై సాగుదారు కార్డులు ఇచ్చే ఏర్పాటు చేసింది. చట్టం గుర్తించిన మనిషిని సాఫ్ట్‌వేర్‌ గుర్తించకపోతే ఆ కార్డు ఎందుకూ కొరగాదు.

దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. ‘రైతు’ పెట్టె స్థానంలో ‘వ్యక్తి’ అని ఉంచాలి. వ్యక్తికీ పొలానికీ మధ్య రెండు వేర్వేరు సంబంధాలు చూపాలి. ఒకటి యాజమాన్యం, రెండోది సాగు. ‘సాగు’ను విడిగా ఒక పెట్టెగా గీసి, అందులో సీజను, పంట, విస్తీర్ణం రాయాలి. ధాన్యం అప్పగింతను సాగుతో కలపాలి. అప్పుడు సొంతదారు, కౌలుదారు, ఉమ్మడి కుటుంబం ముగ్గురూ ఒకే చిత్రంలో ఇముడుతారు.

కాగితంపై ఈ మార్పునకు కావలసింది ఒక రబ్బరు, పది నిమిషాలు. జిల్లా మొత్తం వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించిన తర్వాత ఇదే మార్పు చేయాలంటే డేటాబేస్‌ పట్టికలు, తెరలు, నివేదికలు అన్నీ తిరగరాయాలి. పాత నమోదుల్లో ఎవరు యజమానో, ఎవరు సాగుదారో ఒక్కొక్కటిగా తేల్చాలి.

జవాబు రాకపోతే?

నాలుగోది సీక్వెన్స్‌ చిత్రం. పాత్రలను పైన వరుసగా రాసి, ఒక్కొక్కరి కిందుగా నిలువు చుక్కల గీత గీస్తారు. కాలం పైనుంచి కిందికి సాగుతుంది. ఒకరి నుంచి మరొకరికి వెళ్లే సందేశానికి నిండు బాణం, తిరిగి వచ్చే జవాబుకు చుక్కల బాణం వేస్తారు.

సొమ్ము చెల్లింపును గీసి చూస్తే, మన సాఫ్ట్‌వేర్‌ నుంచి బ్యాంకుకు ఒక బాణం వెళ్తుంది. ‘జమ అయింది’ అన్న బాణం తిరిగి వస్తుంది. అంతటితో పని పూర్తయిందని కొత్తవారు కలం పక్కన పెడతారు. ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పు పడితే బ్యాంకు సొమ్మును తిప్పి పంపుతుంది. ఆ తిరుగు బాణం ఎవరిని చేరాలి? రైతుకు ఎవరు చెప్పాలి? చిత్రంలో ఆ బాణం లేకపోతే సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండదు. రైతు వారాల తరబడి బ్యాంకుకు, కేంద్రానికి మధ్య తిరగవలసి వస్తుంది. అందుకే ప్రతి బాణానికీ ‘జవాబు రాకపోతే ఏమిటి?’ అని ప్రశ్నించుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఎంత గీస్తే చాలు?

అతిగా గీయడమూ చేటే. ‘యూఎంఎల్‌ డిస్టిల్డ్‌’ గ్రంథకర్త మార్టిన్‌ ఫౌలర్‌ ఈ చిత్రాలను మూడు విధాలుగా వాడతారని వివరించారు. ఆలోచనను పంచుకునేందుకు చిత్తుబొమ్మగా గీయడం ఒకటి. ప్రతి వివరంతో పక్కా నక్షాగా గీయడం రెండోది. చిత్రం నుంచే ప్రోగ్రాము పుట్టేలా గీయడం మూడోది. కొత్తవారికి మొదటిదే తగినది. పక్కా నక్షా గీసి అల్మరాలో పెడితే, ప్రోగ్రాము మారుతూ పోతుంది, నక్షా పాతబడుతుంది. చదివినవారిని అది తప్పుదారి పట్టిస్తుంది.

భారీ పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కే ఎక్కువ విలువ ఇవ్వాలని 2001లో వెలువడిన ఎజైల్‌ ప్రకటన పేర్కొంది. దానిని చూపి ఇక బొమ్మలే అక్కరలేదని వాదించేవారు ఉన్నారు. ఆ ప్రకటన చిత్రాలను వద్దనలేదు. పత్రాల కోసమే పత్రాలు వద్దని దాని భావం.

మొదలుపెట్టే విధానం

ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ ఏదీ అవసరం లేదు. తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు చాలు. తెలిసిన పని ఒకదానిని ఎంచుకోవాలి. పాలకేంద్రం, పురుగుమందుల దుకాణం, కిరాణా ఖాతా, బస్సు పాసు.. ఏదైనా ఫర్వాలేదు. మొదటి రోజు ఎవరికి ఏం కావాలో రాసుకుని యూజ్‌ కేస్‌ చిత్రం గీయాలి. రెండో రోజు అందులో ఒక పనిని తీసుకుని యాక్టివిటీ చిత్రం గీయాలి. తర్వాతి రెండు రోజులు క్లాస్‌ చిత్రానికి కేటాయించాలి. అయిదు పెట్టెలకు మించకుండా చూసుకోవడం మేలు. ప్రతి గీతనూ నోటితో వాక్యంగా చదవాలి. ‘ఒక పొలాన్ని ఒక సీజనులో ఒకరో ఇద్దరో సాగు చేస్తారు’ అని చదివినప్పుడు చెవికి తేడా తడితే చిత్రంలోనూ తేడా ఉన్నట్టే. అయిదో రోజు సీక్వెన్స్‌ చిత్రం. ఆ తర్వాతే ప్రోగ్రాము.

చేతితో గీయడం వచ్చాక కంప్యూటర్‌పై గీయవచ్చు. డ్రా డాట్‌ ఐఓ ఉచితంగా లభిస్తుంది. ప్లాంట్‌ యూఎంఎల్‌, మెర్మెయిడ్‌ వంటి సాధనాల్లో వాక్యాలు టైపు చేస్తే చిత్రం దానంతట అదే ఏర్పడుతుంది. మెర్మెయిడ్‌ చిత్రాలను 2022 నుంచి గిట్‌హబ్‌ నేరుగా చూపుతోంది. ఇటీవల కృత్రిమ మేధ పరికరాలు సైతం నాలుగు మాటలు చెబితే చక్కని క్లాస్‌ చిత్రం గీసి ఇస్తున్నాయి. అయితే చెప్పిన నాలుగు మాటల్లో కౌలు రైతు లేకపోతే, ఆ చిత్రంలోనూ ఆయన ఉంటాడన్న భరోసా లేదు. గీయడం యంత్రానికి అప్పగించినా అడగడం మాత్రం మనిషి పనే.

గీసిన చిత్రం సరైనదో కాదో తెలుసుకోవడానికి కంప్యూటర్‌ నిపుణుడే కావాలని లేదు. ఆ పనిలో తల పండినవారికి చూపి, ఒక్కొక్క గీతనూ తెలుగులో చదివి వినిపిస్తే చాలు. బాగుందని తల ఊపి ఊరుకుంటే ఆ చిత్రం ఇంకా వారికి అర్థం కాలేదనే అనుకోవాలి. ఏదో ఒక గీత మీద వేలు పెట్టి, ‘మా దగ్గర ఇది ఇలా జరగదు’ అని వారు అన్నప్పుడే ఆ కాగితం తన పని తాను చేసినట్టు.